రీఫండు సొమ్ము – త్రాసుకు రెండు తట్టలు

దివ్యఖుర్ఆన్‌లోని 83వ సూరా పేరు ‘అల్ ముతఫ్ఫిఫీన్’. తూనికల్లో, కొలతల్లో తగ్గించేవారికి వినాశం తప్పదన్న హెచ్చరికతో ఆ సూరా ప్రారంభమవుతుంది. తమకు రావలసింది నిండుగా కొలిపించుకొని, తాము ఇవ్వవలసి వచ్చినప్పుడు చేయి బిగబట్టేవారే ఆ హెచ్చరికకు పాత్రులని వెంటనే వివరిస్తుంది (83 : 1-3). ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మనిషి తన హక్కును పూర్తిగా తీసుకోవడాన్ని మాత్రమే తీసుకుంటే అది నేరం కాదు. తన హక్కు దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న మనిషే ఎదుటివాడి హక్కు దగ్గర త్రాసును వంచడం నేరం. ఒకే మనిషి చేతిలో రెండు త్రాసులుండటం నేరం.

ఈ హెచ్చరిక కిరాణా కొట్టుకూ, బట్టల దుకాణానికీ మాత్రమే సంబంధించినదని అనుకోవద్దు. ఇమామ్ మాలిక్ (రహ్మ) తన ‘ముఅత్తా’లో ఒక సంఘటన పొందుపరిచారు. అస్ర్ నమాజుకు రాని ఒక వ్యక్తిని హజ్రత్ ఉమర్ (రజి) కారణం అడిగారు. అతను ఏదో చెప్పాడు. అప్పుడు ఆయన, నీవు ‘తత్‌ఫీఫ్’ చేశావన్నారు. అంటే కొలత తగ్గించావని అర్థం. ప్రతి విషయంలోనూ నిండుగా ఇవ్వడమూ ఉంటుంది, తగ్గించడమూ ఉంటుందనే భావాన్ని ఇమామ్ మాలిక్ అక్కడే పేర్కొన్నారు. నమాజులోనే కొలత ఉన్నప్పుడు, ఏటా మనం ధ్రువీకరించి ప్రభుత్వానికి సమర్పించే ఆదాయపు లెక్కలో కొలత ఉండదా?

నేడు మన కుటుంబాల్లో ఉపాధ్యాయులున్నారు, రైల్వే, ఆర్టీసీ ఉద్యోగులున్నారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలున్నారు, చిన్న చిన్న కాంట్రాక్టులు చేసుకునేవారున్నారు. ఆదాయపు పన్ను రిటర్ను, రీఫండు అనే మాటలు మన ఇళ్లల్లో మామూలైపోయాయి. నమాజు, ఉపవాసాల మసాయిల్ అడిగి తెలుసుకునే సోదరులు కూడా ఈ వ్యవహారాన్ని దీన్‌కు సంబంధం లేనిదిగా భావించి, ఆడిటరుకో ఏజెంటుకో వదిలేస్తున్నారు. నిజానికి ఇది మన ఈమాన్‌కు ఏటా జరిగే పరీక్ష. రిటర్ను దాఖలు చేశాక అందులో తప్పు బయటపడినప్పుడు ఆ పరీక్ష మరింత కఠినమవుతుంది.

తప్పులు రెండు రకాలు

రీఫండు అంటే ఏమిటో ముందు చూద్దాం. జీతం ఇచ్చేవారు, బిల్లు చెల్లించేవారు కొంత పన్నును ముందే కోసి మన పేరున ప్రభుత్వానికి జమ చేస్తారు. ఏడాది ముగిశాక అసలు లెక్క తేలుతుంది. కోసినది ఎక్కువైతే, ఆ ఎక్కువైన సొమ్ము మనకు తిరిగి వస్తుంది. కనుక సక్రమంగా వచ్చిన రీఫండు ప్రభుత్వం ఇచ్చిన బహుమానం కాదు, ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. అది మన కష్టార్జితమే.

రిటర్ను సమర్పించిన తర్వాత తప్పు కనబడితే, నిర్ణీత గడువు లోపల సవరించిన రిటర్ను దాఖలు చేసే అవకాశాన్ని చట్టం కల్పించింది. ఆ తప్పు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, మనకు నష్టం కలిగించినది. ఉదాహరణకు, ఒక కాంట్రాక్టరు ఒక బిల్లులో కోసిన పన్నును చూపడం మరచిపోయాడు. రెండవది, మనకు లాభం కలిగించినది. అదే కాంట్రాక్టరు ఒక బిల్లు ఆదాయాన్నే చూపడం మరచిపోయాడు.

ఇప్పుడు మన మనసును మనమే ప్రశ్నించుకోవాలి. మొదటి తప్పు కనబడిన రోజున ఆడిటరు దగ్గరికి పరుగెత్తుతాం. రెండవ తప్పు కనబడిన రోజున ఏమవుతుంది? ‘ఎవరు చూశారులే’, ‘అయిపోయిందేదో అయిపోయింది’ అంటాం. తప్పు ఒక్కటే, సవరణ ఫారమూ ఒక్కటే, గడువూ ఒక్కటే. మన కాళ్ల వేగంలోనే తేడా. ఆ తేడా పేరే తత్‌ఫీఫ్.

హక్కును అడగటం దురాశ కాదు

కొందరు సోదరులు భక్తి పేరుతో మరో పొరపాటు చేస్తారు. ‘పోతే పోయింది, ప్రభుత్వంతో ఎందుకు’ అని తమకు రావలసిన రీఫండును వదిలేస్తారు. ఇష్టపూర్వకంగా వదులుకోవడం వారి అభీష్టం. కానీ సోమరితనం వల్ల వదులుకోవడం పరహేజ్‌గారీ కాదు. సంపదను కాపాడటం షరీఅత్ లక్ష్యాలలో ఒకటని ఫుఖహా పేర్కొన్నారు. ఆ సొమ్ములో భార్యాబిడ్డల పోషణ ఉంది, ముసలి తల్లిదండ్రుల మందులున్నాయి, అప్పులవారి హక్కుంది. వడ్డీని నిషేధించిన సందర్భంలో దివ్యఖుర్ఆన్ ఒక మూల సూత్రాన్ని నేర్పింది. మీరు అన్యాయం చేయకూడదు, మీకూ అన్యాయం జరగకూడదని దాని భావం (2 : 279). ఈ సూత్రంలో రెండు సగాలున్నాయి. మొదటి సగాన్ని మరచినవాడు దుర్మార్గుడవుతాడు. రెండవ సగాన్ని మరచినవాడు తన ఇంటివారికే నష్టం చేస్తాడు.

కనుక నిజమైన హక్కును నిజమైన కాగితాలతో అడగండి. సంకోచం అవసరం లేదు.

ఆమోదం లభించినంత మాత్రాన హలాల్ కాదు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాత పద్ధతిలో పన్ను లెక్కించుకునేవారు కొందరు, కట్టని అద్దెకు రసీదులు పెడుతున్నారు. ఇవ్వని విరాళాలు చూపుతున్నారు. వచ్చిన రీఫండులో వాటా తీసుకొని ఈ పని చేసిపెట్టే ఏజెంట్లున్నారు. కంప్యూటరు లెక్క చూసి రీఫండు మంజూరు చేస్తుంది, సొమ్ము ఖాతాలో పడుతుంది. ‘డిపార్ట్‌మెంటే ఒప్పుకొని ఇచ్చింది కదా, ఇక హరామ్ ఎలా అవుతుంది?’ అన్నది వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు దైవప్రవక్త (స) ఏనాడో ఇచ్చారు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దాని సారాంశం ఇది: ఆయన కూడా మానవుడే, ప్రజలు తగవులు తీసుకొని ఆయన వద్దకు వస్తారు, ఒకరు మరొకరికన్నా గట్టిగా వాదించగలవారై ఉండవచ్చు, విన్నదాన్ని బట్టి ఆయన తీర్పు చెబుతారు. అలా ఎవరికైనా తన సోదరుని హక్కు దక్కితే, దాన్ని తీసుకోరాదు. అది అగ్నిఖండమే.

ఆలోచించండి. సాక్షాత్తూ దైవప్రవక్త (స) నోట వెలువడిన తీర్పు సైతం, అబద్ధపు వాదన మీద ఆధారపడితే, పరుని సొమ్మును హలాల్ చేయదు. అలాంటప్పుడు ఒక కంప్యూటరు ఆమోదం హలాల్ చేయగలదా? ఆమోదం మన కాగితాన్ని బట్టి వస్తుంది, హలాల్ అన్నది వాస్తవాన్ని బట్టి ఉంటుంది. ఒకరి సొమ్ము ఒకరు అక్రమంగా తినవద్దనీ, తెలిసి తెలిసీ పరుల సొమ్ములో కొంత భాగం కాజేయడానికి దాన్ని అధికారుల ముందుకు తీసుకుపోవద్దనీ దివ్యఖుర్ఆన్ వారించింది (2 : 188). తప్పుడు క్లెయిముకు ఇంతకన్నా స్పష్టమైన వర్ణన ఏముంటుంది?

హజ్రత్ మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ (రహ్మ) గురించి ఒక సంఘటన మన మదరసాల్లో ప్రసిద్ధం. రైలు ప్రయాణానికి ముందు ఆయన తన సామాను తూకం వేయించి, ఎక్కువైన బరువుకు రుసుము కట్టబోయారు. గార్డు తనకు తెలిసినవాడే, చూసీచూడనట్టు ఉంటానన్నాడు. నీవు ఎంతవరకు తోడు వస్తావని ఆయన అడిగారు. ఫలానా స్టేషను వరకని అతను చెప్పాడు. తన ప్రయాణం ఆ స్టేషనుతో ముగియదనీ, పరలోకం వరకు ఉందనీ, అక్కడ ఏ గార్డు తోడు వస్తాడనీ ఆయన ప్రశ్నించారు. ఏజెంటు కూడా అంతే. రీఫండు పడేంతవరకే అతను మన వెంట ఉంటాడు.

మరో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. పదివేలు విరాళమిచ్చి యాభైవేలకు రసీదు ఇమ్మని ధార్మిక సంస్థలను అడిగేవారున్నారు. అలా అడిగేవారు, ఇచ్చేవారు ఇద్దరూ అబద్ధపు సాక్ష్యంలో భాగస్థులే. సదఖాను అబద్ధంతో కలిపితే మిగిలేదేమిటి? పన్ను రాయితీ గుర్తింపు ఉన్న సంస్థకు నిజంగా ఇచ్చిన సొమ్ముకు చట్టం ప్రకారం రాయితీ పొందడం వేరు, లేని సొమ్మును రసీదులో సృష్టించడం వేరు.

‘పన్నే అన్యాయమైతే?’

ఈ వాదనను కూడా వింటున్నాం. జకాత్ తప్ప మరో పన్ను ఇస్లాంలో లేదు కదా, కనుక పన్ను ఎగ్గొట్టడంలో పాపం లేదని కొందరంటారు. పన్నుల విషయంలో ఉలమాల మధ్య పూర్వం నుండి చర్చ ఉన్న మాట నిజమే. అన్యాయపు వసూళ్లను వారు తీవ్రంగా ఖండించారు. అయితే ఖజానా చాలక ప్రజా రక్షణ అవసరాలు తీరని పరిస్థితిలో ధనికుల మీద న్యాయంగా పన్ను విధించవచ్చని ఇమామ్ గజాలీ, ఇమామ్ షాతిబీ (రహ్మ) వంటివారు అంగీకరించారు. మనం నడిచే రోడ్డు, మన పిల్లలు చదివే ప్రభుత్వ బడి, మన పేదలు వెళ్లే ఆసుపత్రి ఆ ఖజానాతోనే నడుస్తున్నాయి.

ఒకవేళ ఏదైనా పన్ను భారమని భావిస్తే, చట్టంలోని రాయితీలన్నీ వాడుకోండి, దానికి వ్యతిరేకంగా మాట్లాడండి. అబద్ధానికి మాత్రం దానివల్ల అనుమతి రాదు. రిటర్ను చివర మనం చేసే ధ్రువీకరణ ఒక వాంగ్మూలం. పైన ఇచ్చిన వివరాలు నిజమని అందులో సాక్ష్యమిస్తున్నాం. స్వయంగా మనకు వ్యతిరేకంగా ఉన్నా సరే, న్యాయానికి కట్టుబడి సాక్ష్యం చెప్పాలన్నది విశ్వాసులకు అల్లాహ్ ఇచ్చిన ఆజ్ఞ (4 : 135).

ఒక చెప్పువారు విలువ

‘చిన్న మొత్తమే కదా’ అనేవారు ఖైబర్ ప్రయాణంలో జరిగిన ఒక సంఘటన వినాలి. యుద్ధప్రాప్తిని పంచకముందే ఒక వ్యక్తి అందులోంచి ఒక వస్త్రం తీసుకున్నాడు. తర్వాత బాణం తగిలి మరణించాడు. అతనికి స్వర్గం లభించిందని ప్రజలు అనుకుంటుండగా, ఆ వస్త్రం అతని మీద అగ్నిగా మండుతోందని దైవప్రవక్త (స) తెలిపారు. అది విన్న ఒక వ్యక్తి ఒకటో రెండో చెప్పువార్లు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. అవి కూడా అగ్నివార్లేనని ఆయన హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

ఒక వ్యక్తి సొమ్మును అన్యాయంగా తింటే, అతన్ని వెతికి క్షమాపణ అడగవచ్చు. ప్రజలందరి సొమ్ము తింటే ఎంతమందిని అడగగలం? ప్రజాధనం విషయంలో ఇంత కఠినంగా హెచ్చరించడంలోని హిక్మత్ ఇదే కావచ్చు. ఆ చెప్పువార్లు తెచ్చినవాని అడుగు మాత్రం మనకు ఆదర్శం. తన దగ్గర ఉన్నది తనది కాదని తెలియగానే లేచి నడిచాడు. నేటి పరిభాషలో చెప్పాలంటే, అతను తన రిటర్నును సవరించుకున్నాడు.

చేతికి రాని రీఫండు

కొన్నిసార్లు రీఫండు చేతికి రాకుండానే సర్దుబాటు అయిపోతుంది. మన దేశంలో పాత సంవత్సరపు పన్ను బాకీ ఉంటే, ముందుగా తెలియజేసి, ఈ ఏటి రీఫండును శాఖ అందులో సర్దుతుంది. ఆ బాకీ నిజమైనదో కాదో చెప్పుకోవడానికి మనకు గడువు ఇస్తుంది. బాకీ తప్పయితే అభ్యంతరం తెలపాలి, నిజమైతే ఒప్పుకోవాలి.

అమెరికాలో ఉంటున్న మన తెలుగు పిల్లలకు మరో సౌకర్యం ఉంది. గత ఏటి రీఫండును డబ్బుగా తీసుకోకుండా, వచ్చే ఏటి పన్నుకు ముందస్తు చెల్లింపుగా మళ్లించమని కోరవచ్చు. 1040-ఎక్స్ అనే ఫారంతో పాత రిటర్నును సవరించినప్పుడు, కొత్తగా తేలిన రీఫండును కూడా అలా మళ్లించుకునే వీలుంది. అక్కడి పన్ను నివాసులు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా చూపాలి. ఒక అబ్బాయి గత ఏడాది వెయ్యి డాలర్ల రీఫండును ఈ ఏటి పన్నుకు మళ్లించాడనుకుందాం. గుంటూరులోని తన ఇంటి అద్దెను ఆ రిటర్నులో చూపలేదని తర్వాత గుర్తుకొచ్చింది. సరిచేసి చూస్తే, రావలసిన రీఫండు ఆరువందలే. ‘డబ్బు నా చేతికే రాలేదు, ఇక నేనేమి తిరిగి ఇవ్వాలి?’ అని అతని మనసు అడుగుతుంది.

ఫిఖహ్‌లో ‘ముఖాస్సా’ అనే అధ్యాయం ఉంది. ఇద్దరి మధ్య పరస్పరం ఉన్న బాకీలను ఒకదానితో ఒకటి కొట్టివేయడాన్ని ముఖాస్సా అంటారు. అలా బాకీ తీరితే సొమ్ము ముట్టినట్టే లెక్క. మళ్లించిన రీఫండుతో అతని మెడ మీది పన్ను బాకీ తీరింది. అంటే అతను దాన్ని వాడుకున్నాడు. అందులో నాలుగువందల డాలర్లు అతనివి కావు. నోటు చేతిని తాకలేదు గానీ లాభం మెడను తాకింది. గత ఏటి రిటర్ను సవరించి ఆ తేడా కట్టడం అతని బాధ్యత. లెక్క పుస్తకంలోనే పుట్టి, లెక్క పుస్తకంలోనే కరిగిపోయిన సొమ్ము కూడా అల్లాహ్ లెక్కలో సొమ్మే.

రీఫండు మీద వడ్డీ, జకాత్

మన దేశంలో రీఫండు ఆలస్యమైతే నియమాల ప్రకారం నెలకు అర శాతం చొప్పున వడ్డీ కలిపి ఇస్తారు. ఇది మనం ఒప్పందం చేసుకొని అడిగింది కాదు. ఈ కారణంగానే దీన్ని ప్రావిడెంట్ ఫండుతో పోల్చవచ్చని కొందరంటారు. తప్పనిసరిగా కోసే ప్రావిడెంట్ ఫండు మీద సంస్థ కలిపే అదనపు సొమ్ము షరీఅత్ నిర్వచనంలోని వడ్డీ కాదని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) ఉర్దూలో రాసిన ప్రత్యేక రిసాలాలో వివరించారు. అయితే రీఫండుతో వచ్చేది వడ్డీ అన్న పేరుతోనే వస్తుంది కనుక, ఆ భాగాన్ని వేరుచేసి, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయడమే జాగ్రత్త మార్గం. అసలు రీఫండు హలాల్, సందేహం ఆ కలిపిన భాగంలోనే. రెంటినీ కలిపి వదిలేయనవసరం లేదు, కలిపి తినవద్దు. ఆ వడ్డీని తర్వాతి రిటర్నులో ఆదాయంగా చూపాలన్నది చట్టం.

జకాత్ విషయంలో, రీఫండు చేతికి వచ్చాక మీ జకాత్ సంవత్సరం ముగిసే తేదీన మిగిలి ఉన్నది మిగతా సంపదతో కలిసి లెక్కకు వస్తుంది. జీతం చేతికి రాకముందే కోసిన పన్నుకూ, మనమే మన సొమ్ములోంచి కట్టిన ముందస్తు పన్నుకూ మధ్య ఉన్న తేడా వల్ల, గడచిన సంవత్సరాల జకాత్ విషయంలో అభిప్రాయ భేదానికి అవకాశముంది. మీ వివరాలు స్థానిక ముఫ్తీ సాహెబ్‌కు చెప్పి అడగండి.

తప్పు జరిగిపోయినవారు ఏం చేయాలి?

తౌబాకు షరతులు మనందరికీ తెలిసినవే. పాపాన్ని మానడం, పశ్చాత్తాపపడటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం. అందులో పరుల హక్కు ఉంటే నాలుగవ షరతు కూడా చేరుతుంది, ఆ హక్కును తిరిగి అప్పగించడం. రీఫండు పద్దెనిమిది వేలు వచ్చి, నిజంగా రావలసింది ఐదు వేలే అయితే, పదమూడు వేలు నాలుగవ షరతు కింద ఉన్నట్టే. ఎన్ని తస్బీహ్‌లు చదివినా ఆ పదమూడు వేలు అక్కడే ఉంటాయి.

సవరించిన రిటర్నుకు గడువు ఉంటే అదే దగ్గరి దారి. అది దాటిపోయినా తలుపు మూసుకుపోలేదు. 2022లో మన చట్టంలో ‘అప్‌డేటెడ్ రిటర్ను’ అనే కొత్త ఏర్పాటు వచ్చింది. మొదట రెండేళ్లుగా ఉన్న దాని గడువును 2025లో నాలుగేళ్లకు పెంచారు. ఆలస్యమైన కొద్దీ భారం పెరుగుతుంది. చెల్లించవలసిన పన్ను, దానిపై వడ్డీల మీద మొదటి ఏడాది 25 శాతం అదనంగా కట్టాలి, నాలుగవ ఏడాదికి అది 70 శాతం అవుతుంది. తౌబాను వాయిదా వేసేవారికి ఇందులోనూ పాఠముంది. మరో విశేషమేమిటంటే, ఈ అప్‌డేటెడ్ రిటర్ను ద్వారా కొత్తగా రీఫండు అడగటానికి గానీ, ఉన్న రీఫండును పెంచుకోవడానికి గానీ వీలులేదు. పుచ్చుకునే తలుపు మూసుకుపోయాక కూడా ఇచ్చే తలుపు చాలాకాలం తెరిచే ఉంటుందన్నమాట.

2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ తప్పుడు క్లెయిములు చేయించే ఏజెంట్ల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు జరిపింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులను సరిచేసుకొని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను ఉపసంహరించుకున్నారని అప్పుడే ప్రకటించింది. శాఖ పంపిన ఎస్.ఎం.ఎస్.లు, ఈ-మెయిళ్లు చూసి చాలామంది సరిచేసుకొని ఉంటారు. మంచిదే. మనకైతే ఆ సందేశం పధ్నాలుగు వందల ఏళ్ల క్రితమే అందింది. నోటీసు వచ్చాక కదిలేవాడు నోటీసుకు భయపడ్డాడు. రాకముందే కదిలేవాడు అల్లాహ్‌కు భయపడ్డాడు.

చట్టపు గడువులన్నీ దాటిపోయినవారు నమ్మకమైన చార్టర్డ్ అకౌంటెంటును సంప్రదించాలి. ఏ దారీ లేకపోతే సొమ్ము ఏదో ఒక రూపంలో ప్రభుత్వ ఖజానాకే చేరేలా చూడాలి. టికెట్టు లేకుండా రైలెక్కినవాడు తర్వాత అంతే విలువైన టికెట్టు కొని ప్రయాణం చేయకుండా చింపివేయాలని మన ఉలమాలు చెప్పేవారు. హక్కుదారుడు తెలిసి ఉండగా ఆ సొమ్మును సదఖా చేసి చేతులు దులుపుకోవడం సరికాదు. హక్కుదారునికి చేర్చడమే ముందు.

ఇంట్లో పెద్దలు ఈ పని పిల్లలకు తెలిసేలా చేయడం మంచిది. రీఫండు వచ్చిన రోజున మిఠాయి తెచ్చే తండ్రిని పిల్లలు చూస్తారు. ఎక్కువగా వచ్చిన రీఫండును లెక్కగట్టి తిరిగి కట్టే తండ్రిని కూడా వారు చూడాలి. అమానత్ గురించి నూరు ప్రసంగాలు చేయలేని పనిని ఆ ఒక్క దృశ్యం చేస్తుంది.

తూకంలో తగ్గించేవారిని హెచ్చరించిన వెంటనే, తాము ఒక మహాదినాన తిరిగి లేపబడతామని వీరికి ఆలోచన లేదా అనే భావం గల ప్రశ్న అదే సూరాలో ఉంది (83 : 4-6). ఆ తర్వాత దుర్మార్గుల కర్మల పత్రం, సజ్జనుల కర్మల పత్రం ఎక్కడెక్కడ ఉంటాయో చెబుతుంది. రెండూ రాసి ఉంచిన పత్రాలే (83 : 9, 20). ఆ పత్రాన్ని సవరించుకునే గడువు మన ఆఖరి శ్వాస వరకే. ఆ తర్వాత ఏ ఫారమూ లేదు, ఏ అదనపు రుసుమూ చెల్లదు. అక్కడ పరుల హక్కులకు మన పుణ్యకార్యాలే చెల్లింపు.

అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా ఉంచుగాక! మన హక్కును నిజాయితీగా అడిగే ధైర్యాన్నీ, పరుల హక్కును అడగకముందే అప్పగించే సద్బుద్ధినీ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.